సీజన్ అయ్యాక మిషన్లు మూలన పెట్టే ముందు: స్ప్రేయర్లు, గడ్డి మిషన్లు, వీడర్లు, జనరేటర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పత్తి తీతలు, మిరప కోతలు ముగిశాక మన మిషన్లకు మూడు నాలుగు నెలలు పని ఉండదు. పవర్ స్ప్రేయర్, గడ్డి కోసే బ్రష్ కట్టర్, పవర్ వీడర్, చెట్టు కొమ్మలు కోసే రంపం అన్నీ పశువుల పాకలోకో, మెట్ల కిందకో చేరతాయి. మళ్ళీ మృగశిర కార్తె చినుకు పడ్డాకే వాటి వైపు చూస్తాం. నేను చిన్న ఇంజన్లు బాగుచేసే మెకానిక్‌ని. జూన్ రెండో వారం వచ్చేసరికి మా షెడ్డు ముందు బండ్లు వరసకడతాయి. వాటిలో విరిగినవి, అరిగినవి తక్కువ. పెట్రోలుతోనే మూలన పడేసినవి ఎక్కువ. రిపేరు ఖర్చు సంగతి అటుంచండి. అదే పెట్రోలు నాలుగు నెలలు ఇంట్లో, గడ్డి పక్కన, పొయ్యికి పది అడుగుల దూరంలో ఉంటోంది. నాకు భయం వేసేది అక్కడే. రోజూ నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఎన్నాళ్ళు వాడకపోతే ఇదంతా చెయ్యాలి?

నెల దాటుతుందనుకుంటే చెయ్యాలి. డెల్టాలో సార్వాకీ దాళ్వాకీ మధ్య రెండు మూడు వారాలే ఖాళీ వస్తే మిషన్ తుడిచి, పెట్రోలు కాక్ కట్టేసి, నీడన పెడితే చాలు. నెలకు మించి పక్కన పెట్టేదైతే ట్యాంకు ఖాళీ చెయ్యడం తప్పదు.

ట్యాంకులో అర లీటరు పెట్రోలు ఉంటే ఏమవుతుంది? మూత గట్టిగానే ఉంది కదా?

మూత ఎంత గట్టిగా ఉన్నా ట్యాంకు గాలి పీల్చుకోవడానికి సన్న దారి ఉంటుంది. పెట్రోలులో తేలికగా ఉండే భాగం ఆ దారినే ఆవిరై పోతుంది. ఇంజన్ అంటుకోవడానికి పనికొచ్చేది ఆ భాగమే. బరువైన భాగం కింద మిగిలి, గాలి తగిలి, జిగురుగా మారుతుంది.

పెట్రోలుతో మూలన పెట్టిన వీడర్ కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) విప్పితే అడుగు గిన్నెలో తుమ్మబంక రంగులో ఒక పొర కనిపిస్తుంది. వేలు పెడితే అంటుకుంటుంది, పాత వార్నిష్ వాసన వేస్తుంది. అందులో పెట్రోలు పోయే సన్న ముక్కను జెట్ అంటారు, దాని రంధ్రం సూది మొనంత ఉంటుంది. దాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే మామూలుగా అవతలి వెలుగు చుక్కలా కనిపించాలి. జిగురు పట్టిన జెట్‌లో ఆ చుక్క ఉండదు. ఇక తాడు వందసార్లు లాగినా ఇంజన్‌కు పెట్రోలు అందదు.

ఇప్పుడు ఇంకో సంగతి కూడా తోడైంది. బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోలు, అంటే అందులో నూటికి 20 పాళ్ళు ఇథనాల్. 2023 ఫిబ్రవరిలో మొదలైంది, 2025కల్లా దేశమంతా ఆ స్థాయికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. తేమ ఎక్కువైతే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ట్యాంకు లోపల తుప్పుకు, కార్బురేటర్‌లో తెల్లటి బూజులాంటి మచ్చలకు ఇదీ ఒక కారణమే. పాత మోడల్ మిషన్లలో రబ్బరు పైపులు, కార్బురేటర్ లోపలి పలచటి రబ్బరు పొర కూడా ఇథనాల్‌కు మెత్తబడి ఉబ్బడమో, ఎండి బిరుసెక్కడమో జరుగుతుంది. అందుకే పదేళ్ళ కిందట ట్యాంకులో పెట్రోలు ఉంచినా నడిచిన బండి ఇప్పుడు మొరాయిస్తుంది.

మరి ఎలా ఖాళీ చెయ్యాలి?

అన్నిటికన్నా తేలిక పద్ధతి ఆఖరి రోజు పెట్రోలు కొలిచి పోసుకోవడం. చివరి మడి అయ్యేసరికి ట్యాంకు కూడా అయిపోవాలి.

మిగిలితే ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, బీడీ సిగరెట్ దగ్గర లేకుండా, స్పార్క్ ప్లగ్ మీది క్యాప్ లాగేసి, పెట్రోలును ఇనప డబ్బాలోకో, పెట్రోలుకని చేసిన గట్టి క్యాన్‌లోకో గరాటుతో వంపండి. అంతటితో అయిపోలేదు, కార్బురేటర్‌లో ఇంకా పెట్రోలు ఉంటుంది. క్యాప్ మళ్ళీ పెట్టి, బయటే స్టార్ట్ చేసి, దానంతట అది ఆగిపోయేదాకా నడవనివ్వండి. బ్రష్ కట్టర్‌కు పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడగ ఉంటుంది కదా, ముందు దాన్ని నాలుగైదుసార్లు నొక్కి పైపుల్లోది కూడా ట్యాంకులోకి తెచ్చి వంపేయండి. వీడర్, వాటర్ పంపు లాంటి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకు కార్బురేటర్ గిన్నె కింద చిన్న బోల్టు ఉంటుంది. అది వదులు చేస్తే మిగిలిన చెంచాడు కూడా దిగిపోతుంది. మళ్ళీ బిగించడం మర్చిపోకండి.

తీసిన పెట్రోలు కొత్తదై, ఆయిల్ కలపనిదైతే గుడ్డలో వడకట్టి మోటార్‌సైకిల్‌లో పోసుకోవచ్చు. 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకు పెట్రోలులో కలిపే ఆయిల్) కలిపింది మోటార్‌సైకిల్‌లో పోయకండి. అలాంటి మిషన్ ఇంకా వాడుతున్న పక్క రైతుకు ఇవ్వండి, ఏ పాళ్ళలో కలిపారో చెప్పి ఇవ్వండి. వాసన మారిన పాత పెట్రోలు కాలవలో, చెట్టు మొదట్లో పోయడం వద్దు. మెకానిక్ షెడ్డుకు తెచ్చివ్వండి.

పైపు పెట్టి నోటితో పీల్చి తీస్తాం. అందరూ చేసేదేగా?

దయచేసి మానెయ్యండి. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకుంటారనుకుంటే ఇదే గుర్తుంచుకోండి.

పెట్రోలు నోట్లోకి వస్తే ఉమ్మేస్తే పోతుందనుకుంటాం. ప్రమాదం కడుపులో కన్నా ఊపిరితిత్తుల్లో ఎక్కువ. నీళ్ళకంటే పలచగా ఉంటుంది కాబట్టి ఒక్క దగ్గు వచ్చినా గొంతులోంచి శ్వాసనాళంలోకి జారిపోతుంది. కొద్దిగా పోయినా ఊపిరితిత్తులు వాచి న్యుమోనియాలా మారుతుంది. మా షెడ్డులో పనిచేసిన కుర్రాడు ఒకసారి అలాగే పీల్చాడు. దగ్గాడు, నీళ్ళు పుక్కిలించాడు, 'ఏం కాలేదన్నా' అని పని చేసుకున్నాడు. సాయంత్రానికి జ్వరం, ఆయాసం. ఆసుపత్రిలో వారం ఉన్నాడు. ఆరోజు నుంచి మా షెడ్డులో నోటితో పీల్చడం బంద్. రబ్బరు బుడగ ఉన్న చేతి పంపు తెచ్చి గోడకు తగిలించాను. హార్డ్‌వేర్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతుంది.

ఎవరైనా పెట్రోలు మింగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు, గుడ్డు సొన, పాలు ఇలాంటివేవీ తాగించకండి. వాంతితో పైకి వచ్చేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోయే అవకాశం ఎక్కువ. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అప్పటికి బాగానే కనిపించినా వెళ్ళాలి, ఎందుకంటే ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతుంది.

మిగిలిన పెట్రోలు వాటర్ బాటిల్లో పోసి అటక మీద పెట్టుకోవచ్చా?

వద్దు. కారణాలు రెండు.

మొదటిది పిల్లలు. 2టీ ఆయిల్ కలిపిన పెట్రోలు రంగు తిరిగి, చూడ్డానికి కూల్ డ్రింక్‌లా ఉంటుంది. ఎండన పడి ఆడుకుని వచ్చిన పిల్లవాడికి మూత తీసి తాగడానికి ఒక్క క్షణం చాలు. కలుపు మందు కూడా ఇలా కూల్ డ్రింక్ సీసాల్లో దాచేవాళ్ళున్నారు. అది ఇంకా ఘోరం.

రెండోది నిప్పు. పెట్రోలు మండడానికి వేడెక్కనక్కర్లేదు, సున్నాకు 40 డిగ్రీల కిందనే అంటుకునేంత ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు. పొగలా పైకి పోదు, నీళ్ళలా నేల మీద పాకుతుంది. మెట్ల కింద కారిన పెట్రోలు ఆవిరి గడప దాటి వంటింట్లో గ్యాస్ పొయ్యి దాకా, దేవుడి గదిలో దీపం దాకా పోగలదు. సీసా ఎక్కడో ఉంది, మంట ఎక్కడో ఉంది అనుకుంటే పొరపాటు. ఇక రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండకు రేకుల గదిలో పలచటి ప్లాస్టిక్ సీసా ఉబ్బి మూత దగ్గర కారకుండా ఎలా ఉంటుంది? అదే గదిలో అమ్మకుండా ఉంచిన పత్తి కూడా ఉంటే ఇక చెప్పేదేముంది.

మరి మిషన్ ఎక్కడ పెట్టాలి?

గాలి ఆడే, ఎండ పడని, తాళం వేసుకోగల చోట. వంటిల్లు, పడక గది, గడ్డివాము, పత్తి నిల్వ గది వద్దు. ట్యాంకు ఖాళీ చేసినా లోపల ఆవిరి కొంత మిగిలే ఉంటుంది.

చాలామంది ఎరువుల బస్తాల మీదే మిషన్ పెడతారు. యూరియా, పొటాష్, డీఏపీ తేమను లాగి ఇనుమును తినేస్తాయి. బస్తా అడుగున నేల ఎలా చెమ్మగిల్లుతుందో మీరు చూసే ఉంటారు. పశువుల పాకలో మూత్రం ఘాటు కూడా రాగి తీగలకు, కనెక్షన్లకు మంచిది కాదు. వేరే చోటు లేకపోతే కనీసం నేల మీద కాకుండా చెక్క బల్ల మీదో, గోడకు కొట్టిన కొయ్య మేకుకో తగిలించండి.

ప్లాస్టిక్ కవరు చుట్టకండి. లోపలి తేమ బయటికి పోక, తెల్లారేసరికి చెమటలా పట్టి తుప్పు మొదలవుతుంది. పాత దుప్పటి కప్పండి, గోనె సంచైనా ఫరవాలేదు. కాకపోతే సైలెన్సర్ చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే కప్పాలి.

ఇంజన్ ఆయిల్ ఇప్పుడే మార్చాలా, జూన్‌లో మార్చుకోవచ్చా?

ఇప్పుడే. నల్లబడ్డ ఆయిల్‌లో మసి, ఆమ్లాలు ఉంటాయి, నాలుగు నెలలు అవి బేరింగుల మీద కూర్చుంటాయి. ఐదు నిమిషాలు నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు దించితే మడ్డి కూడా వచ్చేస్తుంది. కొత్తది ఏ గ్రేడు, ఎంత అన్నది మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఉన్నట్టే పొయ్యండి. టూ స్ట్రోక్ మిషన్లకు ఈ పని లేదు.

తర్వాత స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో ఒక చిన్న చెంచాడు శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పోసి, ప్లగ్ లేకుండానే తాడు రెండు మూడుసార్లు మెల్లగా లాగండి. మొహం ఆ రంధ్రానికి ఎదురుగా పెట్టకండి, ఆయిల్ చిమ్ముతుంది. ప్లగ్ బిగించాక, తాడు గట్టిగా అడ్డం తగిలేదాకా లాగి అక్కడ ఆపండి. ఫోర్ స్ట్రోక్‌లో ఆ స్థితిలో వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, లోపలికి తేమ దూరదు. ప్లగ్ క్యాప్ మాత్రం ఊడదీసే ఉంచండి. పిల్లలు తాడు లాగినా స్టార్ట్ కాదు.

స్ప్రేయర్‌ను ఎలా కడగాలి? నీళ్ళు పోసి ఊపేస్తే చాలదా?

చాలదు. అందులోనూ కలుపు మందు కొట్టిన పంపు అయితే అసలు చాలదు.

చేతికి గ్లౌజు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ట్యాంకులో మంచినీళ్ళు పోసి, పైపు, గన్, నాజిల్ గుండా బయటికి కొట్టించండి. ఇలా మూడుసార్లు. ఆ నీళ్ళు బావి దగ్గర, చెరువు గట్టున, పశువుల తొట్టి దగ్గర వదలకండి. ఖాళీగా ఉన్న చేలో పలచగా చల్లేయండి.

2,4-డి అనే కలుపు మందు కొట్టిన పంపుతో తర్వాతి సీజన్‌లో పత్తికి పురుగు మందు కొట్టిన రైతులు నా దగ్గరికి వచ్చి 'మందు దెబ్బ తగిలింది, కల్తీ మందు' అని బాధపడ్డారు. పత్తి ఆకు బెండాకులా సన్నగా చీలి, ముడుచుకుపోతే ముందు మీ పంపును అనుమానించండి. పత్తికి 2,4-డి ఎంత పడదంటే, పైపు గోడలకు పట్టిన మిగులు మందు కూడా చాలు. ఏ కలుపు మందు కొట్టినా మామూలుగా కడిగాక చాకలి సోడా గానీ బట్టల సోపు పొడి గానీ కలిపిన నీళ్ళు ట్యాంకు, పైపు నిండా పోసి రాత్రంతా ఉంచి, పొద్దున్నే వదిలేసి మళ్ళీ మూడుసార్లు కడగండి. నా మాట వింటే కలుపు మందుకు వేరే పంపే పెట్టుకోండి, దాని మీద పెయింటుతో పెద్దగా రాయండి. ఎకరం పత్తి విలువతో పోలిస్తే ఇంకో పంపు ఖరీదు ఏపాటిది?

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం మనవాళ్ళకు అలవాటు. మందు నేరుగా పెదాలకు అంటుతుంది. ఊదొద్దు, పిన్నుతో పొడవొద్దు కూడా, రంధ్రం పెద్దదై మందు ధారగా పడుతుంది. పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా పట్టుంటే కాసేపు వెనిగర్‌లో వేసి కడగండి. నాజిళ్ళు ఆరబెట్టి ఒక డబ్బాలో వేసి, ట్యాంకు మూత తెరిచి బోర్లించి పెట్టండి. తైవాన్ పంపులనే ఇంజన్ స్ప్రేయర్ల పైపును గట్టి మడతలు పడకుండా పెద్ద చుట్టగా చుట్టండి. బెల్టుతో నడిచే పంపైతే బెల్టు వదులు చెయ్యండి.

బ్యాటరీ పంపు జూన్‌లో తీస్తే బ్యాటరీ చచ్చిపోయి ఉంటోంది. ఎందుకు?

మన బ్యాటరీ పంపుల్లో ఎక్కువగా ఉండేవి 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు. ఇవి ఖాళీగా ఉంటే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, అది ఒకసారి గట్టిపడితే మళ్ళీ ఛార్జ్ ఎక్కదు. అందుకే ఫుల్ ఛార్జ్ చేసి పెట్టి, నెలకోసారి మళ్ళీ ఛార్జ్ చెయ్యండి. అమావాస్య అమావాస్యకు అని గుర్తు పెట్టుకుంటే మర్చిపోరు. మీటర్ ఉంటే చూడండి, ఫుల్ బ్యాటరీ ఊరికే పెట్టినప్పుడు 12.7 వోల్టుల దాకా చూపిస్తుంది. 12.4 కంటే తగ్గనివ్వొద్దు.

లిథియం బ్యాటరీ దీనికి భిన్నం. ఫుల్ చేసి పెట్టకూడదు, పూర్తిగా ఖాళీగానూ పెట్టకూడదు. సగం ఛార్జ్‌తో, మిషన్ నుంచి విప్పి, రేకుల షెడ్డులో కాకుండా ఇంట్లో చల్లటి చోట పెట్టండి. దేనికిచ్చిన ఛార్జర్ దానికే. పరుపు మీద, పత్తి పక్కన ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. ఉబ్బిన బ్యాటరీని వాడొద్దు, ఇంట్లో కూడా ఉంచొద్దు.

బ్లేడ్లు, వీడర్ పళ్ళు?

ప్లగ్ క్యాప్ తీసేదాకా బ్లేడు ముట్టుకోవద్దు. బ్రష్ కట్టర్ బ్లేడు విప్పి, పసరు మరక పోయేలా కడిగి, ఆరబెట్టి, ఆయిల్ రాసి, గుడ్డ చుట్టి వేరే పెట్టండి. తల దగ్గరున్న గేరు డబ్బాలోకి గ్రీజు ఎక్కించండి. వీడర్ పళ్ళకు పట్టిన నల్లరేగడి మట్టి తడిగా ఉన్నప్పుడే వదులుతుంది, ఎండితే రాయే.

ఎలుకలకు ఏం చెయ్యాలి?

గాలి ఫిల్టర్‌లో గూడు, ప్లగ్ వైరు కొరుకుడు మామూలే. సైలెన్సర్ నోట్లో మట్టిగూడు కట్టే కందిరీగలు కూడా ఉంటాయి. సైలెన్సర్ చల్లారాక దాని నోటికి గుడ్డ కుక్కి, ఆ గుడ్డకు ఎర్ర రిబ్బన్ కట్టి బయటికి వేలాడనివ్వండి, తీయడం మర్చిపోకుండా ఉంటుంది. ధాన్యం, దాణా బస్తాలు పక్కన లేకపోతే సగం ఎలుకలు రావు.

మాది కోస్తా. జనరేటర్ తుఫాను వస్తేనే వాడతాం. దాన్ని ఎలా ఉంచాలి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజున స్టార్ట్ కాని జనరేటర్ ఉన్నా లేనట్టే. ఏడాదంతా ట్యాంకు ఖాళీగా ఉంచి, సెప్టెంబర్ ఆఖరుకు ఒకసారి కొత్త పెట్రోలు కొంచెం పోసి, ఫ్యాను, లైట్లు వేసి పావుగంట నడిపి చూసుకోండి. తుఫాను హెచ్చరిక వచ్చాక కావాల్సినంత తెచ్చుకోండి.

నడిపేటప్పుడు వరండాలో, మెట్ల కింద, కిటికీ పక్కన పెట్టొద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, వాన పడుతోందని తలుపులేసుకుని పడుకున్నవాళ్ళు మళ్ళీ లేవకపోవచ్చు. ఇంటి ప్లగ్గులోకి జనరేటర్ వైరు గుచ్చి ఇల్లంతా కరెంటు ఇచ్చే పద్ధతి కూడా వద్దు. ఆ కరెంటు వెనక్కి లైన్లోకి పోయి, స్తంభం ఎక్కిన లైన్‌మాన్ ప్రాణం తీస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టుకుని కావాల్సినవే నడుపుకోండి.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడ లాన్ మిషన్ చలికాలం మూలన పెడతారట. ఇవే జాగ్రత్తలా?

చాలావరకు ఇవే, సీజన్ తిరగబడుతుందంతే. అక్కడి పెట్రోలులో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పెట్రోలు పాడవకుండా కలిపే స్టెబిలైజర్ అక్కడ ప్రతి షాపులో దొరుకుతుంది, అది కొత్త పెట్రోలులో కలిపి, కాసేపు నడిపి కార్బురేటర్ దాకా పోనివ్వాలి. పాతబడ్డ పెట్రోలును అది బాగుచెయ్యదు. ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీలో గ్యాస్‌తో నడిచే వాటర్ హీటర్ ఉంటే దాని దగ్గర పెట్రోలు క్యాన్ పెట్టొద్దని చెప్పండి. మంచు తోసే మిషన్‌కు ఏప్రిల్‌లో, గడ్డి మిషన్‌కు నవంబర్‌లో ఈ పని చేసుకోమనండి.

జూన్‌లో మళ్ళీ తీసేటప్పుడు?

నేరుగా తాడు లాగకండి. గుడ్డ తీశారా, గూళ్ళేమైనా ఉన్నాయా, పెట్రోలు పైపు వంచితే పగుళ్ళు కనిపిస్తున్నాయా చూడండి. పగిలిన పైపు కొత్త పెట్రోలు పోయగానే సైలెన్సర్ మీద కారుతుంది, అందుకే ఇది మొదటి పని. ఆయిల్ మట్టం, బ్లేడు బోల్టు చూసుకోండి. ప్లగ్ క్యాప్ లేకుండా తాడు నాలుగుసార్లు మెల్లగా లాగితే లోపల ఆయిల్ తిరుగుతుంది. తర్వాత ఆ రోజు తెచ్చిన పెట్రోలు పోసి, టూ స్ట్రోక్‌కైతే డబ్బా మీద రాసిన పాళ్ళలో ఆయిల్ కలిపి, బయట స్టార్ట్ చెయ్యండి. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. మొదట్లో కాసేపు తెల్లపొగ వస్తుంది, మీరు పోసిన చెంచాడు ఆయిల్ కాలడమే అది, టెన్షన్ పడకండి.

ఏడెనిమిదిసార్లు లాగినా అందుకోకపోతే ఆపండి. ప్లగ్ విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, తుడిచి, పావుగంట ఆరనిచ్చి, చోక్ తెరిచి లాగండి. పొడిగా ఉంటే పెట్రోలు రావట్లేదు. అప్పుడు తీసుకురండి, కార్బురేటర్ విప్పుదాం.